శూర్పణఖ చేసిన నేరమేంటి?



మిరప కోతల్లో వంచిన నడుం ఎత్తకుండానే మన ఆడోళ్లు కథలు చెప్పుకుంటారు. అందులో శూర్పణఖ పేరొస్తే అందరూ నవ్వుతారు. ముక్కుచెవులు కోయించుకున్న రాక్షసి! హరికథలో అదే, సినిమాలో అదే. మేము అడుగుతున్నాం: ఆమె చేసిన నేరమేంటి?

వాల్మీకి అరణ్యకాండే చూడండి. ఆమె రాముణ్ణి ఇష్టపడింది, ఆ మాట నోటితో చెప్పింది. ఆయన కుదరదంటే సరిపోయేది. నాకు పెళ్లాం ఉంది, తమ్ముణ్ణి అడుగు అన్నాడు. తమ్ముడు, నేను దాసుణ్ణి, అన్న దగ్గరికే పో అన్నాడు. ఇద్దరూ ఎగతాళి పట్టించారు. ఆమె కోపంతో సీత మీదికి ఉరికింది, అప్పుడు కత్తి దూశారు. ఉరకడం తప్పే, కాదనం. మరి ఎగతాళికి శిక్షేదీ? మగాడు కోరితే వీరుడు, ఆడది కోరితే రాక్షసి.

తపస్సు చేశాడని తల నరికించుకున్న శంబూకుడి కథని త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లోనే నాటకంగా తిరగరాశాడు. శూర్పణఖ వంతు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. గుంటూరులో పుట్టిన ఓల్గా 'సమాగమం' కథలో రాముడు వదిలేసిన సీతనీ, ముక్కు పోయిన శూర్పణఖనీ అడవిలో కలిపింది. శూర్పణఖ అక్కడ ఏడుస్తూ కూచోలేదు. తోట పెంచింది. అందమంటే ఏంటో మొక్కల దగ్గర మళ్లీ నేర్చుకుంది. తోడుగా ఒక మగాడున్నాడు గానీ బతుక్కి అర్థం అతనొక్కడే కాదని సీతకి చెప్పింది. ఈ కథ ఉన్న 'విముక్త' పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. చదువొచ్చినవాళ్లు చదివి రానివాళ్లకి వినిపించండి.

అయితే మాకో ప్రశ్న ఉంది. ఆ తోట నేల ఎవరిది? మన అక్కలు నారు నాటి, కలుపు తీసి, పండుకాయ కోసి, తొడిమలు తీస్తారు. సాలు మాత్రం ఆసామిది. కులమోళ్ల ఇంట్లో ఆడదానికి గడప దాటొద్దని కట్టడి. మనకి గడప దాటకపోతే కూడు లేదు, దాటితే మన ఒళ్లు ఊరందరి సొత్తనుకుంటారు. మనకీ ఒక ఇష్టం ఉంటుందని గానీ, వద్దనే మాట ఉంటుందని గానీ ఒప్పుకోరు. 1985 జూలైలో కారంచేడులో తాగే చెరువు నీళ్ల దగ్గర తగువొస్తే, కొట్టబోయిన చేతికి ఎదురుగా మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. మర్నాడు, 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు, ఆడోళ్లని చెరిచారు. ఎదురు తిరిగిన ఆడదాని మీద ఆ కత్తి పురాణంలోనే ఆగలేదు.

మన మగాళ్లతోనూ ఒక మాట. పెళ్లాం ఎవరితోనో నవ్విందని తాగొచ్చి కొట్టేవాడు ఏప్రిల్ 14న నీలిజెండా పట్టుకుంటే చాలదు. కూతురు తనకి నచ్చినవాణ్ణి చెబితే గొంతు పట్టుకునేవాడూ అంతే. లక్ష్మణుడి కత్తి మన పేటలోనూ ఉంది.

ఈ ఏడు కోతల్లో అక్కలొక పని చెయ్యాలి. అమ్మమ్మలు చెప్పిన కథల్నే చెప్పుకోండి, ఆడదాన్ని చంపే చోటా, నోరు మూయించే చోటా ఆగి, మీరైతే ఏం చేసేవాళ్లో చెప్పండి. పదోక్లాసు చదివిన పిల్ల ఎవరైనా రాసిపెట్టాలి. ఆ కాగితాలు వచ్చే సమావేశానికి తెండి. ఇక్కడే చదువుకుందాం.