దానియేలు ఏం నేర్చుకున్నాడు, ఏం వదలలేదు?

(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



హాస్టల్లో పిల్లల మధ్య బతికేవాళ్లం మేము. అందుకే బైబిల్లో మాకు బాగా దగ్గరైన కథ దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం. మీలో చర్చికి వెళ్లేవాళ్లున్నారు, వెళ్లనివాళ్లూ ఉన్నారు. ఈ కథ అందరికీ పనికొస్తుంది. ఊరు విడిచి పరాయిచోట చదువుకున్న పిల్లల కథ ఇది.

బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును ముట్టడించి, అక్కడి కుర్రాళ్లలో తెలివైనవాళ్లను ఏరి తీసుకుపోయాడు. వాళ్లకు మూడేళ్ల చదువు పెట్టాడు. కల్దీయుల భాష, కల్దీయుల విద్య. రోజూ రాజు తినే భోజనం, రాజు తాగే ద్రాక్షారసం. పేర్లు కూడా మార్చేశారు. దానియేలు బెల్తెషాజరు అయ్యాడు. హనన్యా షద్రకు, మిషాయేలు మేషాకు, అజర్యా అబేద్నెగో అయ్యారు. దానియేలు అంటే 'దేవుడు నా న్యాయాధిపతి' అని అర్థం. కొత్త పేరు తన దేవుడి పేరును బట్టి పెట్టిందని ఆ రాజే తర్వాత చెబుతాడు.

ఇప్పుడు దానియేలు ఏం చేశాడో చూడండి. పరాయి భాష వద్దనలేదు, బాగా నేర్చుకున్నాడు. కొలువు వద్దనలేదు, పెద్ద పదవిలో పనిచేశాడు. రాజు భోజనంతో తనను అపవిత్రపరచుకోకూడదని మాత్రం మనసులో గట్టిగా అనుకున్నాడు. గొడవ పెట్టుకోలేదు. "పది రోజులు మాకు కూరధాన్యాలు, నీళ్లు ఇచ్చి చూడండి, తర్వాత మీరే తేల్చండి" అని తమ మీద ఉంచిన అధికారిని అడిగాడు. పది రోజుల తర్వాత ఆ నలుగురే మిగతావాళ్ల కంటే ఆరోగ్యంగా కనిపించారు. మూడేళ్ల చదువు అయ్యాక రాజు స్వయంగా పరీక్షిస్తే, రాజ్యంలోని విద్వాంసులందరి కంటే పది రెట్లు మిన్నగా తేలారు.

దీనిలో మనకు పాఠం ఏమిటి? అన్నీ కాదనడం కాదు, అన్నిటికీ తలూపడం కాదు. దేన్ని నేర్చుకోవాలో, దేన్ని వదలకూడదో ఎవరికి వాళ్లు ముందే తేల్చుకోవాలి.

పేరు సంగతి చూద్దాం. మన పిల్లల్లో ఎంతోమందికి రిజిస్టరులో ఇంటిపేరు 'సవర' అని ఉంటుంది. పట్నం కాలేజీలో చేరగానే కొందరు దాన్ని 'ఎస్' అనే ఒక్క అక్షరానికి కుదించేస్తారు. ఎవరూ బలవంతపెట్టలేదు. క్లాసులో నవ్వుతారేమోనన్న భయం. బబులోనులో పేరు రాజు మార్చాడు. ఇక్కడ మనమే మార్చుకుంటున్నాం. ఆ గ్రంథం రాసినవారు మాత్రం కథ చివరిదాకా అతన్ని దానియేలు అనే పిలిచారు.

భాష సంగతి. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. అది గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఆయన వాడుక తెలుగు కోసం ఉద్యమించడానికి ముందే పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. 1936లో మంగెయి గొమాంగో మన భాషకు సొరంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. 2012లో ఆ లిపి యూనికోడ్‌లోకి వచ్చింది. పరాయివాళ్లు కష్టపడి నేర్చుకున్న భాషను, అమ్మ ఫోన్ చేసినప్పుడు పక్కన స్నేహితులున్నారని మనం తెలుగులోకి మార్చేస్తున్నాం. జాతాపుల్లో చాలామందికి ఇప్పుడు తెలుగే ఇంటి భాష. భాష పోవడానికి ఎంతో కాలం పట్టదు.

ఇక పండగ. ఇది కొంచెం నొప్పి ఉన్న విషయం, అయినా చెప్పుకోవాలి. కందికొత్తల పండగ వచ్చినప్పుడు చర్చి పిల్లలు దూరంగా నిలబడుతున్నారు. మిగతావాళ్లు "వాళ్లు మనవాళ్లు కారు" అంటున్నారు. ఒకే ఊళ్లో, ఒకే వీధిలో రెండు జట్లు.

లేవీయకాండం 23వ అధ్యాయం తెరవండి. పంట కోతలో మొదటి పనను దేవుని ముందుకు తెచ్చేదాకా కొత్త ధాన్యం తినకూడదని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ. కొత్త చేయకుండా కొత్త కందులు నోట పెట్టకూడదనే మన పెద్దల మాట దీనికి ఎంత దగ్గర! ద్వితీయోపదేశకాండం 26లో అయితే, తొలిపంట గంపలో తెచ్చినవాడు తన పూర్వికుల కథ కూడా చెప్పాలి. మేము ఎక్కడినుంచి వచ్చాం, ఎంత కొద్దిమందిమి, ఎన్ని బాధలు పడ్డాం అని. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలోని పెంతెకొస్తు కూడా అసలు కోత పండగే. ఆ రోజు వచ్చిన జనం ఎవరి మాతృభాషలో వాళ్లు దేవుని మాట విన్నారు. ముందు మా భాష నేర్చుకుని రండి అని శిష్యులు ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి చర్చి పిల్లలతో ఒక మాట. బలిలో, మొక్కులో, సారాలో చేరకపోవడం మీ విశ్వాసం, దాన్ని అందరూ గౌరవించాలి. కానీ డప్పు దరువు, ఆట, విత్తనం, పెద్దలు చెప్పే కథ, వీటిలో విశ్వాసానికి అడ్డు వచ్చేది ఏముంది? దానియేలులా ఒక్కొక్కటి విడదీసి చూడండి. చర్చికి వెళ్లని పిల్లలతో కూడా ఒక మాట. మొక్కులో కూర్చోనంత మాత్రాన తోడబుట్టినవాడు పరాయివాడైపోడు. వాడి వాటా కందులు వాడికి ఇవ్వండి, వాడి పాట వినండి.

ఈ సెలవుల్లో మూడు పనులు చేయమని అడుగుతున్నాం. అప్లికేషన్‌లో మీ పేరు పూర్తిగా రాయండి. తాతదో నాయనమ్మదో దగ్గర కూర్చుని మన భాషలో ఒక కథ ఫోన్‌లో రికార్డు చేసి దాచండి. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. మీరు కూడా పట్నం రూమ్‌కి వెళ్లేటప్పుడు ఒక సంచీ చోడి పిండి పట్టుకెళ్లి, అంబలి కాచి స్నేహితులకు పోయండి. పది రోజులు తాగి చూసి, వాళ్లనే చెప్పమనండి.

బాగా చదవండి. ఇంగ్లీషు, తెలుగు, కంప్యూటరు ఏదీ వదలొద్దు. ఉద్యోగం వచ్చాక మీ పేరుతోనే ఊరికి రండి.