ఓడ దిగాక బయటపడే జబ్బు

ఓడ ఇంజన్ గదిలో వేడి, మోత, నూనె ఆవిరి మధ్య నెలల తరబడి పనిచేసిన మనిషికి గుండెజబ్బు వస్తే, అది పని తెచ్చిందా, ఒంటి తీరా? ప్రపంచ ఓడలకు పెద్ద ఎత్తున నావికులను పంపే ఫిలిప్పీన్స్, తన 2010 ప్రామాణిక ఒప్పందంలో దీనికి జవాబు రాసుకుంది. వృత్తి వ్యాధుల జాబితాలో లేని జబ్బునైనా, కాదని రుజువయ్యేదాకా, పనికి సంబంధించినదిగానే భావిస్తారు. పూర్తి, శాశ్వత వైకల్యానికి పరిహారం 60 వేల డాలర్లు.

ఇంటి నుంచి తెచ్చుకున్న షుగరు, బీపీలకూ మేమే డబ్బు కట్టాలా అని యజమానులు అడగవచ్చు. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. కానీ పాత జబ్బును తెలిసీ దాచినవారికి ఈ పరిహారం రాదు. పని పరిస్థితులు జబ్బును పెంచాయని కోర్టులో నావికుడూ చూపాలి. ఓడ రికార్డులు, మొదట పరీక్షించే డాక్టరు కంపెనీ చేతిలోనే ఉన్నప్పుడు, రుజువు భారమంతా రోగి మీద వేయడం న్యాయం కాదు. గడువులు ఇద్దరికీ ఉన్నాయి. నావికుడు ఓడ దిగిన 3 పనిదినాల్లో కంపెనీ డాక్టరు పరీక్షకు హాజరు కాకపోతే సాధారణంగా హక్కు పోతుంది. డాక్టరు 120 రోజుల్లో, చికిత్స సాగాల్సివస్తే 240 రోజుల్లో తుది నిర్ణయం చెప్పకపోతే, చట్టం దాన్ని పూర్తి వైకల్యంగానే లెక్కిస్తుంది.

విదేశీ ఓడలెక్కే తెలుగు నావికుల ఒప్పందాలు వేరు కావచ్చు. అయినా నలతగా ఉన్న రోజే కెప్టెన్‌కు చెప్పి రికార్డులో రాయించండి, నకలు దగ్గర ఉంచుకోండి.