ఆకర్షణశక్తి – దాని లెక్క



నేను ఊరి లెక్కలు వ్రాయువాడను, శాస్త్రజ్ఞుడను గాను. అమరమును, ఆంధ్ర మహాభారతమును స్వయముగా చదువుకొన్నవాడను. కొన్నేండ్ల క్రిందట ఈ గ్రంథాలయపు అరుగుమీదనే, "భాస్కరాచార్యుడు 1150లోనే సిద్ధాంత శిరోమణియందు భూమికి ఆకర్షణశక్తి కలదని చెప్పెను; న్యూటను క్రొత్తగా చెప్పినదేమి?" అని గర్వముగా పలికితిని. ఒక విద్యార్థి వినయముగా, "బాబాయిగారూ, ఎంత బలముతో లాగునో లెక్క గట్టెనా?" అని యడిగెను. నేను మారుపలుకలేకపోతిని. లెక్కలవానికి అంతకంటె సిగ్గేమున్నది? ఆ రాత్రియే ఇచ్చటినుండి ఒక భౌతికశాస్త్ర గ్రంథమును ఇంటికి గొనిపోతిని.

తెలిసికొన్నది యిది. న్యూటను 1687లో ప్రకటించిన సూత్రము ప్రకారము ప్రతి వస్తువు తక్కిన ప్రతి వస్తువును తనవైపు లాగును. రెండింటి ద్రవ్యరాశులను గుణించి, నడుమనున్న దూరపు వర్గముచే భాగించి, ఒక స్థిరాంకముచే హెచ్చవేసినచో బలము తేలును. దూరము రెట్టింపైన బలము నాలుగవవంతగును. ఆ స్థిరాంకము మిక్కిలి చిన్నది. 1798లో కావెండిష్ సీసపు గుండ్లతో చేసిన ప్రయోగము దానికి ఆధారమైనది. 50 కిలోల మనుష్యులిద్దరు మీటరు దూరమున నిలిచినచో, వారి నడిమి ఆకర్షణ ఒక బియ్యపు గింజ బరువులో సుమారు వెయ్యవవంతు! అందుచేతనే మనకు తోచదు. భూమి మహారాశి గనుక దాని లాగుట తోచుచున్నది. ధవళేశ్వరము ఆనకట్టనుండి మండపేట చేలకు కాలువనీరు పల్లమెరిగి వచ్చుట దాని చలవయే.

చంద్రుడు భూకేంద్రమునుండి మనకంటె సుమారు 60 రెట్లు దూరమున నున్నాడు. 60ని 60చే గుణింప 3,600. ఇచ్చట జారిన కొబ్బరికాయ మొదటి సెకనులో 4.9 మీటర్లు పడును. చంద్రుడు అందు 3,600వ వంతు, అనగా 1.4 మిల్లీమీటర్లు మాత్రము భూమివైపు ఒరుగును. ముందునకు సాగు వేగముండుటచే పడియు పడక మనలను చుట్టివచ్చుచున్నాడు. పున్నమికి, అమావాస్యకు అంతర్వేదికడ సముద్రపు పోటు హెచ్చుట సూర్యచంద్రుల ఆకర్షణలు కలియుటచేతనే. 2023 జూలై 14న శ్రీహరికోటనుండి వెడలిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రునిపై దిగుటకు ఈ లెక్కయే దారి చూపినది.

దీనిచే భాస్కరుని ఘనత తగ్గదు. శక్తి కలదని ఆయన చెప్పెను. ఎంతయో తరువాతివారు తూచిరి. పూర్వుల పేరు చెప్పి ప్రశ్నను ఆపుట వారికి గౌరవము గాదు. ఆ బాలునికి చెప్పవలసిన సమాధానము ఈ బీరువాలోనే యుండెను. తెరచుటకు నేనే ఆలస్యము చేసితిని. యువకులారా, పెద్దలను అంకె అడుగుడు. పెద్దలారా, తెలియనిచో పుస్తకము తీయుడు.

స్వస్తి.