నడవలు, గదులు: ఒక రవాణా ఇంజనీరు జీవితము



ఈ నూరేండ్ల పండుగలో దేవాలయములు కట్టినవారిని, బడులు, ఆసుపత్రులు స్థాపించినవారిని గూర్చి తక్కిన వక్తలు చక్కగా చెప్పారు. మేము రోడ్ల పనిలో బ్రతుకు గడిపిన ఒక మనిషిని గూర్చి చెప్పదలచాము. కారణము లేకపోలేదు. మన సంఘములలో ఇంజనీరింగు చదివిన పిల్లలు అనేకులు. ఈ యేడు ఒక కంపెనీ, వచ్చే యేడు మరొకటి. ఒకరు మస్కట్టులో, ఒకరు సింగపూరులో. తలిదండ్రులు మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మావాడికి ఒకచోట కుదురు లేదండీ, ప్రార్థన చేయండి" అంటారు. ప్రార్థన చేస్తూనే ఉన్నాము. అయితే ఆ మాట విన్నప్పుడెల్లా మాకు సర్ కోలిన్ బుకానన్ గారు జ్ఞాపకమునకు వస్తారు.

ఆయన పుట్టినది మన దేశములోనే, 1907 ఆగస్టు 22న, సిమ్లాలో. చదువు ఇంగ్లండులో. లండను ఇంపీరియల్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, తొలి ఉద్యోగమునకు ఆఫ్రికాలోని సూడాను దేశపు ప్రజా పనుల శాఖకు పోయారు. తిరిగి వచ్చి, పట్టణ ప్రణాళికలు వేసే ఒక నిపుణుని వద్ద కొంతకాలము పని. 1935లో రవాణా మంత్రిత్వశాఖ. యుద్ధకాలములో రాయల్ ఇంజనీర్స్ దళములో చేరగా మరల సూడాను. 1946లో పట్టణ, గ్రామీణ ప్రణాళికా మంత్రిత్వశాఖ. 1963లో తాను చదివిన కాలేజీలోనే రవాణా శాస్త్రమునకు ఆచార్యుడు. 1964లో సొంత సంస్థ. ఆ సంస్థ కువైట్ దేశమునకు కూడ ప్రణాళిక వేసింది. మన కడప, గోదావరి జిల్లాల ఆడబిడ్డలు ఇండ్లు విడిచి పనికి పోయే కువైటే అది. 1973లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయము. ఎన్ని గుమ్మములు ఎక్కి దిగారో మీరే లెక్కపెట్టుకొనండి.

ఇన్ని చోట్ల తిరిగినందువలన ఆయనకు కలిగిన లాభము ఒకటున్నది. ఆ రోజులలో రోడ్లు ఒక శాఖవారివి, ఊళ్లు మరొక శాఖవారివి. రోడ్ల శాఖవారికి బండి ఎంత వేగముగా పోయినదన్నదే లెక్క. ఊళ్ల శాఖవారికి బండి అను వస్తువే పట్టదు. బుకానన్ గారు ఈ రెండు బల్లల దగ్గరా కూర్చున్నవారు. సర్కారు కొలువులో ఉండగానే, 1958లో మోటారు బండిని గూర్చి ఒక పుస్తకము వ్రాశారు. దానికి ఆయన పెట్టిన పేరును తెలుగులో 'మిశ్రమ దీవెన' అనవచ్చును. దీవెన కాదని ఆయన అనలేదు సుమండీ.

తరువాత రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ గారు ఆయనను పిలిచి, పట్టణములలో బండ్ల సంగతి తేల్చమన్నారు. 1963 నవంబరులో 'ట్రాఫిక్ ఇన్ టౌన్స్' అను నివేదిక వెలువడినది. అప్పటికి బ్రిటనులో బండ్లు ఒక కోటి అయిదు లక్షలు. 2010 నాటికి నాలుగు కోట్లకు చేరవచ్చునని అందులో అంచనా వేశారు. (2010లో నిజముగా ఉన్నవి సుమారు మూడు కోట్ల నలుబది లక్షలు.) ఇన్ని బండ్లు వస్తే ఊరు ఏమి కావలెను?

ఇందుకాయన ఆసుపత్రిని పోలికగా తీసుకున్నారు. ఆసుపత్రిలో నడవలుంటాయి, గదులుంటాయి. మంచములు, మందుల బండ్లు, భోజనముల బండ్లు నడవల గుండా పోతాయి. వార్డులోకి కూడ బండి వస్తుంది, కాని అక్కడ పనియున్నదే వస్తుంది. ఆపరేషను గదిని అడ్డదారిగా చేసుకొని అవతలి వార్డుకు పోవుట ఏ ఆసుపత్రిలోను ఒప్పరు. ఊరును కూడ ఇట్లే అమర్చవలెనన్నారు. జనులు కాపురముండే, చదువుకొనే, బజారు చేసుకొనే పేటలు గదులు. పెద్ద రోడ్లు నడవలు. ఒక్కొక్క గది ఎన్ని బండ్లకు ఓర్చుకోగలదో ముందు తేల్చి, అంతకు మించి రానీయకూడదు. బండ్లు ఇంకా రావలెనంటే కట్టడములకు డబ్బు పెట్టుకోవలెను. డబ్బు లేదా, బండ్లను తగ్గించుకోవలెను. పేట శాంతిని మాత్రము అమ్ముకోకూడదు. బడి విడిచిపెట్టే వేళ ఇరుకు సందులో లారీ దూరగా గోడకు అతుక్కొని నిలిచిన పిల్లలను చూచినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే ఆ నివేదికలో అందరికీ నచ్చినది నడవలే. అనేక పట్టణముల అధికారులు ఊరి నడుమ పెద్ద రోడ్లు వేయుటకు దానిని చూపించారు, గదుల సంగతి వెనుకకు పోయినది. ఆయన మీద కూడ మాకు ఒక ఫిర్యాదున్నది. కారును గూర్చి తలచినంతగా బస్సును గూర్చి, కాలినడకను గూర్చి ఆయన తలచలేదని మా అభిప్రాయము. సైకిలు మీద కూరగాయలు మోసుకొని పోయేవానికి ఆ నివేదికలో చోటు తక్కువ.

ఇక మేము ముఖ్యముగా చెప్పవచ్చిన సంగతి. లండనుకు మూడవ విమానాశ్రయము ఎక్కడ కట్టవలెనో తేల్చుటకు 1968లో న్యాయమూర్తి రాస్కిల్ గారి అధ్యక్షతన ఏడుగురితో ఒక కమీషను వేశారు. ఏడుగురిలో బుకానన్ గారొకరు. డెబ్బది ఎనిమిది చోట్లు పరిశీలించి నాలుగింటిని మిగిల్చారు. మూడు దేశపు లోపలి పల్లెపట్టులో, నాలుగవది ఫౌల్‌నెస్ అను సముద్రతీరపు బురదనేలలో. పిమ్మట ప్రతిదానికి ఖరీదు కట్టారు. ప్రయాణికుడు విమానాశ్రయమునకు చేరుటకు పట్టే గంటలకు ఖరీదు, చప్పుడుకు ఖరీదు, కూల్చే ఇండ్లకు ఖరీదు. ఆ లోపలి చోట్లలో కబ్లింగ్టన్ ఒకటి. అక్కడ కట్టితే స్ట్యూక్లీ అను గ్రామము పోతుంది. ఆ ఊళ్లో పన్నెండవ శతాబ్దమునాటి పరిశుద్ధ మిఖాయేలు దేవాలయమున్నది. దానికెంత వేయవలెను? పరిశోధకులు అగ్నిప్రమాద బీమా కాగితము చూచి 51,000 పౌండ్లు వేశారు.

నవ్వు వస్తున్నది గదా. కాని వారు దుర్మార్గులు కారు. ఏదో ఒక అంకె వేయకపోతే సున్న వేసినట్లే అవుతుందని వారి భయము, అదియు న్యాయమైన భయమే. ఎనిమిది వందల యేండ్లు పెండ్లిండ్లు, బాప్తిస్మములు, భూస్థాపనలు జరిగిన గోడలకు ఏ అంకె వేయవలెనో మమ్మునడిగినా మేమును చెప్పలేము.

లక్షలాది ప్రయాణికుల నిమిషములు కూడి పెద్ద మొత్తమైనందున, దూరమైన ఫౌల్‌నెస్ లెక్కలో ఓడిపోయినది. 1971 జనవరిలో ఆరుగురు కబ్లింగ్టన్ అన్నారు. బుకానన్ గారొక్కరే కాదన్నారు. జీవితమంతా బండ్లను, నిమిషములను లెక్కించినవారు ఆయన, లెక్క తెలియక కాదనలేదు. లండనుకును బర్మింగ్‌హామునకును నడుమ మిగిలిన ఆ పైరుపచ్చని భూమి అంతటి మహానగరమునకు పెరడు వంటిదనియు, అక్కడ విమానాశ్రయము పెట్టుట తీరని అనర్థమనియు వేరుగా వ్రాసి సంతకము చేశారు. తోటి సభ్యులు ఆరుగురు ఒకవైపున ఉండగా అట్లు వ్రాయుట ఎంత కష్టమో సంఘ కమిటీలలో కూర్చున్న పెద్దలకు తెలుసును.

1971 ఏప్రిలులో ప్రభుత్వము ఆరుగురి మాట త్రోసి ఫౌల్‌నెస్‌నే ఎన్నుకొన్నది. అదియు సుఖాంతము కాలేదు. ఆ తీరమున కూడ మనుష్యులున్నారు, వేలకొలది బాతులు శీతకాలము గడుపుతాయి. ఖర్చు భారమై 1974లో ఆ పని మానుకొన్నారు. చివరకు, నాలుగింటిలో లేనే లేని స్టాన్‌స్టెడ్‌కు 1985లో అనుమతియిచ్చి, 1991లో కొత్త టెర్మినలు తెరిచారు. బుకానన్ గారు 2001 డిసెంబరులో కన్నుమూశారు. స్ట్యూక్లీ దేవాలయము నిలిచియున్నది.

కువైటు ప్రణాళికను గూర్చి ఎవరికైనా అడగవలెనని యుంటే, భోజనముల తరువాత కలిసికొనండి.