లింకర్ చూపు ఆగే చోట: చిన్న సి లైబ్రరీల కాన్ఫిగరేషన్ చరిత్ర

(డెన్నిస్ రిచీ స్మారకోపన్యాసం)

డెన్నిస్ రిచీ పేరిట మాట్లాడేటప్పుడు యూనిక్స్ పుట్టుక గురించో, కెర్నిఘన్‌తో కలిసి 1978లో ఆయన వెలువరించిన పుస్తకం గురించో చెప్పడం ఆనవాయితీ. అవి ఈ సభకు కొత్త కావు కనుక తెలిసినవిగానే భావించి ముందుకు వెళ్తాను. భాషలో ఆయన పెట్టిన వాటికన్నా పెట్టకుండా వదిలిన వాటి గురించి ఈ రోజు నేను మాట్లాడదలిచాను. సి భాషలో ఇన్‌పుట్, ఔట్‌పుట్ లేవు. మెమరీని అడిగి తెచ్చుకునే వాక్యం లేదు. రెండు స్ట్రింగులను అతికే గుర్తు కూడా లేదు. ఇవన్నీ లైబ్రరీ బాధ్యత. కాబట్టి భాషను ముట్టుకోకుండానే లైబ్రరీని పెంచవచ్చు, తగ్గించవచ్చు, మొత్తంగా మార్చేయవచ్చు. మన ఇళ్లలోని వైఫై రూటర్‌లో ఒక సి లైబ్రరీ, బ్యాంకు సర్వర్‌లో మరొకటి నడుస్తున్నా రెండింటికీ ప్రోగ్రాము రాసే భాష ఒక్కటే కావడానికి మూలం అక్కడుంది.

ఈ చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా ఒకే కారణం చూపిస్తారు: చిన్న పరికరాల్లో మెమరీ తక్కువ, అందుకని లైబ్రరీలో ఏది ఉండాలి, ఏది వద్దు అని ముందుగా ప్రశ్నలు వేసుకుని కాన్ఫిగర్ చేయాల్సి వచ్చింది. ఈ కారణం నాకు సరిపోదు. మెమరీ మొదటి నుంచీ తక్కువే. యూనిక్స్ నడిచిన తొలి పీడీపీ-11లో ఉన్నది 24 కిలోబైట్లు. అందులో 16 సిస్టమ్‌కు పోగా వాడేవాళ్ల ప్రోగ్రాములకు మిగిలింది 8. అంత ఇరుకులోనూ లైబ్రరీకి ప్రశ్నావళి పెట్టే అవసరం కలగలేదు, ఎందుకంటే ఏరే పని లింకర్‌దే. లైబ్రరీ అంటే విడివిడి ఆబ్జెక్ట్ ఫైళ్ల కట్ట. ప్రోగ్రాము ఏ ఫంక్షన్‌ను పిలిచిందో అది ఉన్న ఫైల్‌ను మాత్రమే లింకర్ లాగి జోడిస్తుంది, మిగతావాటిని వదిలేస్తుంది. నేను చెప్పదలచినది ఇదే: లింకర్ తనంతట తాను తేల్చుకోలేని చోటే మనిషిని ప్రశ్న అడగాల్సి వచ్చింది. కాన్ఫిగరేషన్ చరిత్ర అంతా లింకర్ చూపు ఎంతవరకు ఆనిందో చెప్పే చరిత్ర.

ఆ చూపు మొదట ఆగింది ప్రింట్‌ఎఫ్ దగ్గర. ప్రింట్‌ఎఫ్ ఏం చేయాలో చెప్పేది దానికిచ్చే ఫార్మాట్ స్ట్రింగ్, అంటే డేటా. లింకర్ పేర్లను చూస్తుందే తప్ప స్ట్రింగులను చదవదు. ప్రోగ్రాము పూర్ణాంకాలను మాత్రమే అచ్చువేస్తుందా, దశాంశ సంఖ్యలను కూడానా అన్నది దానికి తెలిసే దారి లేదు. తెలియనప్పుడు దశాంశాల కోడ్ మొత్తాన్ని ప్రతి ప్రోగ్రాముకూ తగిలించాలి. పీడీపీ-11 సి కంపైలర్ దీనికి కనుక్కున్న ఉపాయాన్ని కాస్త దగ్గరగా చూడండి. ప్రోగ్రాములో ఫ్లోటింగ్ పాయింట్ లెక్క కనబడితే కంపైలర్ తన ఔట్‌పుట్‌లో ‘ఫ్లట్‌యూజ్‌డ్’ అనే పేరొకటి రాసేది. ఆ పేరు వెతుక్కుంటూ లింకర్ లైబ్రరీలోకి వెళ్తే, దాన్ని నిర్వచించిన ఆబ్జెక్ట్ ఫైల్‌లోనే దశాంశాలను అచ్చువేసే అసలు కోడ్ ఉండేది. ఆ పేరు లేని ప్రోగ్రాముకు దాని స్థానంలో ఉత్తుత్తి ఫంక్షన్ ఒకటి వచ్చి చేరేది. ప్రోగ్రామర్‌ను ఎవరూ ఏమీ అడగలేదు. కంపైలర్‌కు తెలిసిన సంగతి లింకర్‌కు చేరింది, అంతే. ఈ ఉపాయాన్ని గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

1980ల మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు, క్లుప్తంగా చెప్పి దాటిపోతాను. 1989 నాటి ఆన్సి ప్రమాణం రెండే మెట్లు పెట్టింది: లైబ్రరీ అంతా ఉన్న హోస్టెడ్, దాదాపు ఏమీ లేని ఫ్రీస్టాండింగ్. రెండో దానికి తప్పనిసరి అయిన హెడర్ ఫైళ్లు నాలుగే. అంతా లేదా ఏమీ లేదు. నడిమి మెట్టుకు ప్రమాణంలో పేరు లేదు. సిగ్నస్ సంస్థ నుంచి వచ్చిన న్యూలిబ్ అనే లైబ్రరీ, ఆపరేటింగ్ సిస్టమ్ లేని పరికరాలకు ఆధారమైంది. దానిని కాన్ఫిగర్ చేయడమంటే బిల్డ్‌కు ముందు కొన్ని స్విచ్చులు ఇవ్వడమే.

నేను ఎక్కువ శ్రద్ధ పెట్టి చదివిన కాలం 1998 నుంచి 2012 వరకు. 1998లో యూసీలినక్స్ వచ్చింది. మెమరీ మేనేజ్‌మెంట్ యూనిట్, అంటే ఎంఎంయూ, లేని పామ్‌పైలట్ మీద లినక్స్ నడిపించిన ప్రయత్నమది. దానికి తోడుగా జెఫ్ డియోన్, కెన్నెత్ అల్బనోవ్‌స్కీ తదితరులు 8086 లినక్స్ ప్రాజెక్టు లైబ్రరీని తీసుకుని చిన్న సి లైబ్రరీగా మలిచారు. ఆ వారసత్వం మీదే ఎరిక్ ఆండర్సన్ యూసీలిబ్‌సిని కట్టారు. స్టాండర్డ్ ఐఓ, లొకేల్, వైడ్ క్యారెక్టర్ల భాగాలను మాన్యుయెల్ నొవోవా తిరగరాశారు. తొలి యూసీలిబ్‌సిలో కాన్ఫిగరేషన్ అంటే చేత్తో దిద్దుకునే ఒక ఫైల్. 2002 అక్టోబరులో లినక్స్ 2.5.45లోకి రోమన్ జిప్పెల్ రాసిన కేకాన్ఫిగ్ చేరింది. యూసీలిబ్‌సి, చిన్న పరికరాలకు యూనిక్స్ కమాండ్లను ఒకే ప్రోగ్రాముగా అందించే బిజీబాక్స్ కొద్దికాలానికే దాన్ని అందిపుచ్చుకున్నాయి. కెర్నెల్‌ను కాన్ఫిగర్ చేసే నీలి తెర మెనూలోనే సి లైబ్రరీ కూడా జవాబులు అడగడం మొదలుపెట్టింది.

ఆ ప్రశ్నలను ఒకే గుంపుగా చూడటం మన చరిత్రకారులు చేసే పొరపాటు. వాటి మూలాలు వేరు. ఎంఎంయూ ఉందా అన్నది యంత్రాన్ని గురించిన ప్రశ్న. ఎంఎంయూ లేకపోతే ఫోర్క్ ఉండదు, వీఫోర్క్‌తో సర్దుకోవాలి. మెమరీ పంచే పద్ధతీ మారాలి. అందుకే మెమరీ పంచే ఫంక్షన్ మాలాక్‌కు మూడు ఎంపికలు ఇచ్చారు. ఒకటి ప్రతి అభ్యర్థననూ నేరుగా కెర్నెల్‌కు పంపి, విడిచిన మెమరీని వెంటనే తిరిగిచ్చే అతి సులువైనది. రెండోది ఎంఎంయూ లేని యంత్రాల కోసం మైల్స్ బేడర్ రాసింది. మూడోది డగ్ లీ మాలాక్ నుంచి వచ్చింది. ఎంఎంయూ లేనప్పుడు అప్పటి కెర్నెల్ మెమరీని రెండు, నాలుగు, ఎనిమిది ఇలా రెట్టింపవుతూ పోయే ముక్కల్లోనే ఇచ్చేది. 64 కిలోబైట్లకు కాస్త మించి అడిగితే 128 పోయేవి. ఏ మాలాక్ మేలో ప్రోగ్రాము కోడ్‌లో ఎక్కడా రాసి ఉండదు. ఇది లింకర్ ఎప్పటికీ తేల్చలేని సంగతి, మనిషిని అడగక తప్పదు. లొకేల్ కావాలా, వైడ్ క్యారెక్టర్లు కావాలా, ఐపీవీ6 కావాలా, ఆర్‌పీసీ కావాలా అన్నవి ఇంకో జాతి ప్రశ్నలు. ఇవి షేర్డ్ లైబ్రరీతో వచ్చాయి. స్టాటిక్ లింకింగ్‌లో ప్రోగ్రాము లింకర్ కళ్లెదుట ఉంటుంది. షేర్డ్ లైబ్రరీని కట్టే సమయానికి దాన్ని ఏ ప్రోగ్రాములు పిలుస్తాయో తెలియదు కనుక అన్నీ మోయాలి. లేదా, పరికరంలో ఏమేం నడుస్తాయో తెలిసిన మనిషి ముందే వద్దనాలి. 2002 చివర బజారుకు వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ రూటర్‌లో ఫ్లాష్ 4 మెగాబైట్లు, ర్యామ్ 16. కెర్నెల్, వెబ్ పేజీలు, ప్రోగ్రాములు, లైబ్రరీ అన్నీ ఆ నాలుగులోనే ఇమడాలి. దాని ఫర్మ్‌వేర్‌లో ఉన్నది యూసీలిబ్‌సి. రూటర్ల కోసం 2004లో మొదలైన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ కూడా దాన్నే పట్టుకుంది.

ఈ జవాబులకు చెల్లించిన వెల కూడా చెప్పాలి. యూసీలిబ్‌సిలో ఫైల్ అనే స్ట్రక్చర్ నిర్వచనం తెరిచి చూడండి. వైడ్ క్యారెక్టర్లు కావాలంటే, వెనక్కి నెట్టిన అక్షరాలను దాచడానికి రెండు వైడ్ క్యారెక్టర్లు, వాటి వెడల్పులు పడతాయి. వద్దంటే రెండు బైట్లతో సరి. వైడ్ క్యారెక్టర్లను బఫర్ పాయింటర్ల ముందు పెడితే, జవాబు మారినప్పుడు పాయింటర్లు జరుగుతాయి. అందుకే వాటిని పాయింటర్ల తర్వాతకు జరిపారు. అక్షరం చదివే మాక్రో హెడర్ ఫైల్ నుంచి నేరుగా ప్రోగ్రాములోకి దిగి ఆ పాయింటర్లను ముట్టుకుంటుంది. అలా జరపకపోతే, ఒక జవాబుతో కంపైల్ చేసిన ప్రోగ్రాము మరో జవాబుతో కట్టిన లైబ్రరీ మీద తప్పు చోట చదివేది. అంత జాగ్రత్తపడినా స్ట్రక్చర్ పరిమాణం జవాబును బట్టి మారుతూనే ఉంటుంది. అంటే ప్రతి కాన్ఫిగరేషన్ వేరే లైబ్రరీయే. పేరు మాత్రం ఒక్కటే. తెలుగువాళ్లం పట్టించుకోవాల్సిన వెల మరొకటి ఉంది. ఈ లైబ్రరీకి జంటగా ఉండే బిజీబాక్స్‌లో, యూనికోడ్ మద్దతు పెట్టుకున్నా సరే, తెర మీద చూపించే చివరి అక్షరం సంఖ్య ఎంత అని ఒక ప్రశ్న ఉంటుంది. దానికి ముందే రాసి ఉంచిన జవాబు 767. యూనికోడ్‌లో తెలుగు మొదలయ్యేది 3072 దగ్గర. ఆ జవాబును మార్చకపోతే తెలుగు పేరున్న ఫైల్‌ను చూపమన్నప్పుడు వరసగా ప్రశ్నార్థకాలు కనబడతాయి. లాటిన్ లిపి ఇమిడితే చాలనుకున్న అంకె అది. దాన్ని దాటిన భాషలవాళ్లకు ఆ మెనూ తెరవడం ఐచ్ఛికం కాదు.

ఇక్కడ నాతో విభేదించే పండితులకు జవాబు చెప్పాలి. యూసీలిబ్‌సి మెనూ ఒక దారితప్పిన ప్రయోగమని, రిచ్ ఫెల్కర్ 2011లో విడుదల చేసిన మజిల్ లైబ్రరీ దాన్ని రుజువు చేసిందని ఒక వర్గం వాదిస్తుంది. మజిల్‌లో ఫీచర్ల మెనూ లేదు, యూటీఎఫ్-8 ఎప్పుడూ ఉంటుంది, అయినా అది చిన్నదే. వాళ్లు ముందుకు తెచ్చేది ఫెల్కర్ స్వయంగా ప్రకటించిన పోలిక పట్టిక: షేర్డ్ లైబ్రరీ మొత్తం మజిల్‌కు 527 కిలోబైట్లు, యూసీలిబ్‌సికి 560, ప్రింట్‌ఎఫ్ వాడే చిన్న స్టాటిక్ ప్రోగ్రాముకు మజిల్‌లో 13, యూసీలిబ్‌సిలో 70, మామూలు లినక్స్ కంప్యూటర్లలో ఉండే జీలిబ్‌సిలో 662. అంకెలను నేను కాదనడం లేదు. కానీ యూసీలిబ్‌సికి ఒక్క పరిమాణం ఉండదు. జవాబులు మారితే అంకె మారుతుంది. కాన్ఫిగరేషన్ చెప్పకుండా 560 అన్న ఒక్క అంకెను ఉటంకిస్తే అది ఏ లైబ్రరీ పరిమాణమో చెప్పనట్టే. ఇక 13 అన్న అంకె నా వాదనకే సాక్ష్యం. మజిల్ ఆ ఫలితాన్ని సాధించింది ఎలా? దాదాపు ప్రతి ఫంక్షన్‌నూ వేరే ఫైల్‌లో పెట్టి, వీక్ సింబల్స్ వాడి. ప్రోగ్రాము ముగిసేటప్పుడు బఫర్లను ఖాళీ చేసే ఫంక్షన్‌కు మజిల్‌లో ఒక ఉత్తుత్తి రూపం ఉంటుంది. ప్రోగ్రాము స్టాండర్డ్ ఐఓ వాడితేనే అసలు రూపం లోపలికి వస్తుంది. ఇది అచ్చంగా పీడీపీ-11 నాటి ఫ్లట్‌యూజ్‌డ్ పద్ధతి. మజిల్ చేసింది లింకర్‌కు పాత పనిని తిరిగి అప్పగించడం. దాన్ని ప్రశ్నల ఓటమి అనడం తొందరపాటు.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. షేర్డ్ లైబ్రరీని కూడా యంత్రమే కత్తిరించగలదు కదా, డెబియన్ తన ఇన్‌స్టాలర్ కోసం ఎమ్‌కేలిబ్స్ అనే పనిముట్టుతో చేసింది అదే కదా అంటారు. నిజమే. డిస్క్‌లోని ప్రోగ్రాములన్నింటినీ చూసి, అవి అడిగే పేర్లు మాత్రమే మిగిల్చి లైబ్రరీని తిరిగి కట్టేది ఆ పనిముట్టు. కానీ అది ఫంక్షన్లను తీయగలదు గానీ ఫంక్షన్ లోపలికి చేయి పెట్టలేదు. ప్రింట్‌ఎఫ్ ఉంటే మొత్తం ఉంటుంది. పైగా పరికరం మూసిన పెట్టె అయితేనే ఇది చెల్లుతుంది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో లాగా తర్వాత ఒక ప్యాకేజీ చేర్చుకుంటే, దానికి కావాల్సిన ఫంక్షన్ అప్పటికే పోయి ఉండవచ్చు. ఏ ఫంక్షన్ ఉందో, ఏది పోయిందో వినియోగదారుడికి తెలియని కోత కన్నా, రాసిపెట్టిన జవాబుల ఫైల్ నయం. అది కనీసం చదవడానికి దొరుకుతుంది.

ఈజీలిబ్‌సిని ఉదాహరణగా చూపే మూడో వర్గం వాదనా నిలబడదు. జీలిబ్‌సికే ఆప్షన్ గ్రూపులు చేర్చి ఎంబెడెడ్ పరికరాలకు అనువుగా మలిచిన లైబ్రరీ అది. డెబియన్ 2009లో దానికి మారి 2014లో జీలిబ్‌సికి తిరిగి వచ్చింది. కాన్ఫిగరేషన్‌ను జనం తిరస్కరించారనడానికి ఇది ఆధారమట! డెబియన్ ఆ లైబ్రరీని తీసుకున్నది కత్తిరించుకోవడానికి కాదు. దాని నిర్వాహకులు ప్యాచ్‌లను, తక్కువ ప్రచారంలో ఉన్న ప్రాసెసర్లను ఆదరంగా చూశారు గనుక. 2012లో జీలిబ్‌సి పాలన పద్ధతి మారాక ఆ కారణం పోయింది. రెండూ దగ్గరయ్యాయి, ఆప్షన్ గ్రూపులు మాత్రం వెలుపలే మిగిలాయి. ఏ ఆప్షనూ తీసేయని డెబియన్‌ను ఆప్షన్లకు వ్యతిరేక సాక్షిగా నిలబెట్టడం న్యాయం కాదు.

వాదంలో సమయం చాలా గడిచిపోయింది, మిగిలింది త్వరగా చెబుతాను. యూసీలిబ్‌సి చివరి విడుదల 2012లో. 2014లో వాల్డెమార్ బ్రాడ్‌కార్బ్ యూసీలిబ్‌సి-ఎన్‌జీగా దాన్ని కొనసాగించారు. ఎంఎంయూ లేని లినక్స్‌కు అది ఇప్పటికీ అవసరమే. అల్పైన్ లినక్స్ 2014లో, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ 2015లో మజిల్‌కు మారాయి. మైక్రోకంట్రోలర్ల వైపు న్యూలిబ్-నానో వచ్చింది. అందులో ప్రింట్‌ఎఫ్‌తో దశాంశాలు కావాలంటే లింకర్‌కు ఒక పేరు చేత్తో అందించాలి. పీడీపీ-11లో కంపైలర్ తానే రాసిన పేరును ఇప్పుడు ప్రోగ్రామర్ టైప్ చేస్తున్నాడు. కీత్ ప్యాకర్డ్ పికోలిబ్‌సి ప్రింట్‌ఎఫ్‌ను కొన్ని స్థాయిలుగా విడగొట్టి, లైబ్రరీని మళ్లీ కట్టకుండానే లింక్ చేసేటప్పుడు ఎంచుకోనిస్తుంది. అక్కడా ఎంచుకునేది మనిషే. పూర్ణాంకాల స్థాయి ఎంచుకుని దశాంశం అచ్చువేయమంటే సరైన సంఖ్య రాదు.

ఇక్కడ జరగాల్సిన పని ఒకటి ఉంది. ఫార్మాట్ స్ట్రింగ్‌ను చదివి తప్పులుంటే హెచ్చరించడం కంపైలర్లకు ఎప్పుడో వచ్చు. ఎల్ఎల్‌వీఎం కంపైలర్ కొన్ని ప్రాసెసర్లకు, ప్రింట్‌ఎఫ్‌కు దశాంశ ఆర్గ్యుమెంట్లు లేవని గమనిస్తే పూర్ణాంకాల ఫంక్షన్‌కు పిలుపు మార్చేస్తుంది కూడా. ఆ చదివిన సంగతిని ఫ్లట్‌యూజ్‌డ్ లాంటి పేరుగా ఆబ్జెక్ట్ ఫైల్‌లో రాసే పద్ధతి అన్ని కంపైలర్లకూ, అన్ని చిన్న లైబ్రరీలకూ ఒకటే కావాలి. అప్పుడు మెనూలో ప్రింట్‌ఎఫ్ ప్రశ్నలు పోయి, ఎంఎంయూ, మాలాక్ లాంటి మనిషే చెప్పాల్సినవి మిగులుతాయి. ఈ సభలో కంపైలర్ల మీద పనిచేస్తున్న యువకులున్నారని తెలుసు. ఆ ఒప్పందం ముసాయిదా రాయడం వారి నుంచే మొదలుకావాలని కోరుతున్నాను.