కీలు వదలిన తలుపు



బ్రదుకంతయు సంధులును సమాసములును చెప్పుకొన్న పంతులు మోటారుబండి తలుపును గూర్చి చెప్పునదేమి యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఒక సాయంకాలము కాలువగట్టుమీద జరిగిన సంగతి జరుగకుండినచో నేనును మీతోపాటు నవ్వియుందును. ముందుగా దానిని విన్నవించెదను.

మా తమ్ముని కుమారుడు పాత పికప్పుబండి నొకదానిని కొని, పసుపుబస్తాలను దుగ్గిరాల యార్డునకును, తిరుగుదారిలో ఎరువుల సంచులను మా యూరికిని తోలుచుండెడివాడు. ఆ బండి ఎడమ తలుపు మూయవలెనన్న చేతితో కొంచెము పైకెత్తి నెట్టవలసియుండెను. బండి యెక్కిన ప్రతివారితోను మావాడు పలుకు మొదటిమాట “కాస్త ఎత్తి వెయ్యండి” యనునదియే. ముసలియెద్దునకు ఒక మొండితనమున్నట్లు ఇదియు ఆ బండి స్వభావమని మేమందరమును సరిపెట్టుకొంటిమి. రెండుమార్లు మరమ్మతునకు ఇచ్చినపుడు, అక్కడివారు తలుపు లాకు పట్టుకొను ఇనుపకొండిని చట్రముమీద కొంచెము క్రిందికి జరిపి బిగించి పంపిరి. తలుపు సులభముగా పడుచుండెను. మరమ్మతు అయినదనుకొంటిమి.

పిదప కొన్నాళ్లకు మా మరదలు నాలుగేండ్ల మనుమరాలిని ఒడిలో కూర్చుండబెట్టుకొని ఆ బండిలో పొరుగూరి పెండ్లికి పోయి తిరిగి వచ్చుచుండెను. కాలువగట్టుపై బండి కుడివైపునకు మలుపు తిరిగినది. బండి కుడికి తిరిగినపుడు లోని మనుష్యులు ఎడమకు ఒరుగుదురు గదా! ఆ ఒరుగుటలో తలుపు తెరచుకొన్నది. పిల్ల గౌను అంచు ముసలిదాని పిడికిటిలో ఉండుటచేత పిల్ల మాకు దక్కినది. దానికి ముంజేయి గీరుకొనిపోవుట తప్ప మరియే హానియు కలుగలేదు. ఆ రాత్రి మా యింట ఎవ్వరును అన్నము ముట్టలేదు.

మరునాడు మా యూరి కమ్మరిని పిలిపించితిమి. అతడు లాకువైపు కన్నెత్తియైనను చూడలేదు. తలుపును సగము తెరచి, దాని కొసను రెండుచేతులతో పట్టి పైకెత్తుచు దించుచు, “పంతులుగారూ, నన్ను చూడవద్దు, బందును చూడండి” అనెను. చూచితిని. మడతబందులోని శీల తన రంధ్రములో, చిగురు వదలిన పన్నువలె, అటునిటు ఆడుచుండెను. మెకానిక్కులు హింజియనునది ఈ మడతబందే. రోగమున్నది అక్కడ. మేము ఇన్నాళ్లును మందు వేసినది రెండుమూరల దూరమున! కీలెరిగి వాత పెట్టవలెనని పశువులను ఎరిగిన పెద్దలు చెప్పినమాట నేను ఎన్నిమార్లు పిల్లలకు చెప్పితినో! నా కండ్లయెదుటనున్న కీలును మాత్రము ఎరుగనైతిని.

మన పాతయిండ్ల తలుపునకును ఈ తలుపునకును గల భేదమును తెలిసికొన్నచో సంగతి తేటపడును. పాత తలుపుచెక్కకు పైనను క్రిందను మొనలుండును. క్రిందిమొన గడపలోని గుంటలో తిరుగును. తలుపు బరువంతయు నిటారుగా గడపమీద దిగును, గడప భూమిమీద నిలుచును. బండి తలుపునకు గడప ఆధారము లేదు. ఒకవైపు రెండు మడతబందులను పట్టుకొని అది గాలిలో వ్రేలాడుచుండును. అందుచేత తలుపు బరువు పైబందును బయటికి లాగుచుండును, క్రిందిబందును లోనికి నెట్టుచుండును.

ఎంత బలముతో లాగునో లెక్క చూడుడు. తలుపు బరువు 25 కిలోలు, వెడల్పు 40 అంగుళములు, రెండు బందుల నడుమ దూరము 16 అంగుళములు అనుకొందము. బరువు తలుపు నడుమ, అనగా బందులకు 20 అంగుళముల దూరమున ఉన్నట్లు ఎంచవలెను. 25ను 20తో గుణించి 16తో భాగించినచో 31 వచ్చును. కావున ఊరక తెరచియున్న తలుపే పైబందును 31 కిలోల బరువుతో లాగుచుండునన్నమాట. ఎవడైనను తలుపు కొసమీద మోచేతులాన్చి 40 కిలోల బరువు మోపి కబుర్లు చెప్పుచున్నాడనుకొనుడు. ఆ 40ని తలుపు వెడల్పు 40తో గుణించి 16తో భాగించిన 100. ఇప్పుడు మరి 100 కిలోలు! ఇక పిల్లలు తలుపు పట్టుకొని ఊయెలలూగుదురేని చెప్పవలసినదేమున్నది?

అరుగుదలయు ఈ లెక్కకు లోబడినదే. పైబందులో శీల ఒక్క మిల్లీమీటరు వదులైనచో, లాకు దగ్గర తలుపు రెండున్నర మిల్లీమీటర్లు క్రుంగును. అందుచేతనే రోగము బందులోనున్నను కంటికి కొసయందు కనబడును. కొసయందు కనబడినది గదాయని కొండిని క్రిందికి దించినచో తలుపు పడును గాని శీల అరుగుట ఆగదు. కొన్నినెలలకు లాకు మరల కొండికి సరిగా అందదు. సాధారణముగా బండి లాకునకు రెండు పట్లుండును. తలుపు వేసినపుడు మొదటిపట్టు పడి, పిమ్మట రెండవపట్టు పడవలెను. క్రుంగిన తలుపు మొదటిపట్టుననే ఆగిపోవచ్చును. చూచువారికి మూసినట్లే కనబడును. మా మరదలి ప్రక్కనున్న తలుపు అట్టిదే.

ఇక పరీక్షావిధానము. బండిని చదునైన నేలమీద నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టుడు. తలుపు సగము తెరచి ఒకరు కొసను ఎత్తుచు దించుచుండగా, వేరొకరు రెండు బందులను దగ్గరగా చూడవలెను. మూడు తీరుల కదలిక కనబడవచ్చును. శీల తన రంధ్రములో ఆడుచున్నచో అది అరుగుదల. బందురేకు చట్రమునుండి గాని తలుపునుండి గాని విడివడి కదలుచున్నచో బోల్టులు వదలినవి. రేకుతోపాటు దానివెనుకనున్న చట్రపుతగరము కూడ లోనికి బయటికి మెదలుచున్నచో తగరము చిట్లినదనియో, తుప్పుతిన్నదనియో గ్రహింపవలెను. ఈ మూడవది కోస్తాగ్రామములలోని బండ్లకు తరచుగా వచ్చునది. ఉప్పుగాలియు తడియు దానికి కారణములు. అట్టిచోట బోల్టులను ఎంత బిగించినను ప్రయోజనము లేదు. చెడిన తగరమును కోసి మంచిరేకును వెల్డింగుతో అతికింపవలెను. ఆ పనికి ముందు బ్యాటరీ తీగలను విడదీయవలెను. తలుపులోని గుడ్డ, రబ్బరు, తీగలు నిప్పురవ్వలకు అందకుండ తొలగింపవలెను. ఇది నేర్చినవాడు చేయదగిన పని.

వదలినది బోల్టు మాత్రమే యైనచో పని సులభము. అయినను తొందరపడి విప్పరాదు. బందురేకు చుట్టును సుద్దతోనో పెన్సిలుతోనో గీత గీసికొనిన పిమ్మటనే బోల్టు ముట్టవలెను. బోల్టులతో బిగించు బందులకు రంధ్రములు సాధారణముగా బోల్టుకంటె పెద్దవిగా ఉండును, తలుపును అటునిటు సర్దుటకు. గీత లేనిచో ఎంత జరిపితిమో తెలియక ఒకచోట సరియైనది మరియొకచోట చెడును.

శీల అరిగినచో ఏమి చేయవలెను? మొదట బంధమెట్టిదో చూడుడు. కొన్ని బండ్లకు శీల విడిగా వచ్చును, దానిచుట్టు కంచుతో చేసిన బుష్షు ఉండును. కొన్నింటికి శీల రెండుకొసలను అణచివేసి యుందురు. అవి విడిగా రావు, బందంతయు మార్పవలసినదే. బుష్షు కలదియైనచో మీ యూరి కమ్మరియో, మోటారుపని తెలిసిన కుర్రవాడో ఒక పూటలో చేయగలడు. శీల ఇనుముకంటె కంచు మెత్తనిది కావున, ఉన్నంతకాలము తాను అరిగి శీలను కాపాడును. అరిగిన బుష్షును మార్చుట తలుపు మార్చుటవలె ఖర్చుపని కాదు. ఇది ముందే తెలిసియుండిన మేము పిల్లను అట్టి గండమున పడవేసియుండము.

పని జరిగిన తీరు చెప్పెదను. తలుపు క్రింద జాకీ నిలిపి, దానిమీద చెక్కముక్కయు, చెక్కమీద మడతపెట్టిన గోనెయు వేసి, తలుపు బరువు దానిమీద ఆనునంతమాత్రము ఎత్తితిమి. అంతకుమించి ఎత్తినచో శీల బిగుసుకొని ఊడిరాదు. జాకీ ఉన్నది గదాయని తలుపును వదలిపెట్టరాదు; ఒక మనిషి దానిని పట్టుకొనియే ఉండవలెను. తలుపు మితిమీరి తెరచుకొనకుండ ఆపు పట్టీని విప్పితిమి. తలుపులోనికి పోవు తీగ ఒకటియుండగా అది లాగుడుపడకుండ చూచుకొంటిమి. కొన్ని బండ్ల బందులకు బలమైన స్ప్రింగుండును; అది చివ్వున ఎగిరి కన్ను పోగొట్టగలదు. అట్టిదానిని తగిన పనిముట్టు లేక కదల్పరాదు. కంటికి అద్దములు ఎట్లును పెట్టుకొనవలెను.

రెండు శీలలను ఒక్కసారిగా తీయరాదు. పైదానిని తీసి, కొత్తది వేసిన పిదపనే క్రిందిది. అట్లుచేసిన తలుపు తన స్థానము తప్పదు. మా కమ్మరి తుప్పువదలు నూనెను ముందురాత్రియే పోసియుంచెను. ఉదయమున మొండికడ్డీ నానించి సుత్తితో రెండు దెబ్బలు వేయగా శీల బయటికి వచ్చినది. చేతిలో పట్టి చూచితిని. గుండ్రముగా ఉండవలసిన శీల ఒకప్రక్క అరిగి చెరకుగడ కణుపునడుమవలె సన్నబడినది. బుష్షు మాటయే లేదు, పొడియై రాలిపోయినది. అదృష్టవశమున రంధ్రము గుండ్రముగానే నిలిచియున్నది. రంధ్రము కోడిగ్రుడ్డువలె కోలయైనచో కొత్త బుష్షు అందులో నిలువదు. రంధ్రమును వెల్డింగుతో పూడ్చి మరల తొలిపింపవలెను, లేదా బందునే మార్పవలెను.

కొత్త బుష్షును సుత్తితో కొట్టి దింపుట పొరపాటు. కంచు అంచు నలిగి లోపలిదారి సన్నగిలును. పొడుగుపాటి బోల్టును రంధ్రములో దూర్చి, రెండువైపుల వాషరులుంచి, నట్టు త్రిప్పుచు మెల్లగా లోనికి లాగవలెను. బుష్షునకు పెదవివంటి అంచు ఉన్నచో అది రెండు రేకుల నడుమకు రావలెను. తలుపు నిలువుబరువును మోయునది ఆ పెదవియే. పిదప శీలకు గ్రీజు రాచి దింపి, దానికి గల తాళపుచుట్టను మరువక పెట్టవలెను.

బందులు గట్టిపడిన పిదప లాకుకొండిని పూర్తిగా విప్పి ప్రక్కనుంచుడు. ఇది వినుటకు వింతగానుండును గాని, కొండి ఉన్నంతకాలము అదియే తలుపును ఎత్తిపట్టి అబద్ధము చెప్పుచుండును. కొండి లేకుండ తలుపును మెల్లగా మూసి, చుట్టునుగల సందు పైనుండి క్రిందివరకు సమముగా నున్నదో లేదో చూడవలెను. మా బండికి కొసవైపు పైన సందు ఇంకను కొంచెమెక్కువగా ఉన్నందున, పైబందు బోల్టులను కొద్దిగా వదలు చేసి, జాకీతో తలుపు కొసను గోరంత ఎత్తి మరల బిగించితిమి. సందు సమమైన తరువాతనే కొండిని దాని తావున పెట్టి, లాకు దానికి నడుమగా అందునట్లు సర్ది బిగించితిమి. తలుపును వేసినపుడు టక్కు టక్కున రెండు చప్పుళ్లు వినబడినవి. ఎత్తి వేయు అవసరము పోయినది.

తలుపు చుట్టునుండు రబ్బరు చచ్చిపోయినను తలుపు గలగలలాడును. దానినిబట్టి బందు చెడినదని భ్రమపడరాదు. ఎత్తి చూచు పరీక్షయే ప్రమాణము. కొందరు బందునడుమ కొయ్యముక్క నుంచి తలుపును బలముగా నెట్టి బందును వంచి సర్దుదురు. క్రుంగుడు కనబడకుండపోవును, అరిగిన శీల అరిగినట్లే యుండును. నాకు ఆ పద్ధతి నచ్చదు.

నూనె విషయమున ఒక్కమాట. మన మట్టిదారుల దుమ్ము నూనెతో కలిసినచో సానరాతిపొడివలె శీలను అరుగదీయును. కావున ముందు గుడ్డతో తుడిచి, ఆపైన నాలుగుచుక్కలు పోసి, పైకి కారినదానిని మరల తుడువవలెను. నెలకొకమారు చాలును. తెరచిన తలుపుమీద వాలి మాటలాడు అలవాటును మాత్రము ఇంటివారందరిచేతను మాన్పింపవలెను. మా వీథిలో ఆ అలవాటు ఎక్కువగా నున్నది నాకే.

బిగించిన బోల్టులు బండి కుదుపులకు తమ తావున కూర్చొని కొంచెము వదలుట కలదు. అందుచేత పది దినములు నడిపిన పిమ్మట మరల ఒకమారు స్పానరు పెట్టి చూడవలెను. మేము చూచినపుడు పైబోల్టులు కదలలేదు గాని, క్రిందిబందు బోల్టు ఒకటి పావుచుట్టు తిరిగినది.