హునరుకు కాపుదల
(రాంనగర్‌లో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగము)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళము, వకీళ్ళము కాము. తెలుగులోనే మాట్లాడవలెనని కార్యదర్శి గారు పట్టుబట్టినారు. మన పిల్లల్లో చాలమందికి ఇప్పుడు ఉర్దూ కంటే తెలుగే సులువు గనుక ఆయన మాట కాదనలేకపోయినాము. మాట తడబడితే క్షమించవలెను.

కొత్త వస్తువును కల్పించినవాడు దాని మీద తన హక్కును ఎట్లా నిలుపుకోవలె అనేది ఈనాటి విషయము. మేధోసంపత్తి అని పెద్ద పేరు పెట్టినారు దీనికి. ఈ విషయమే ఎందుకు ఎంచుకొన్నామంటే, ఇందులో మా తప్పు ఒకటి ఉన్నది. ముందు దానిని చెప్పుకొంటాము.

కొన్నేళ్ళ క్రిందట మా దగ్గర చదువుకొన్న ఒక పిల్లవాడు పదో తరగతి తరువాత వడ్రంగి పనిలో చేరినాడు. పేరు చెప్పము. రిహల్ మీకందరికీ తెలుసు గదా, ఖురాన్ షరీఫ్ పెట్టుకొని చదివే చెక్కపీట. వాడు దానిని కొత్త తీరున చేసినాడు. మడిస్తే సంచిలో పట్టే పలక. ఒక మడత విప్పితే రిహల్. రెండో మడత విప్పితే నేలమీద కూర్చొన్న పిల్లలు వ్రాసుకొనే చిన్న మేజా. ఇనుప మడతబందు లేదు. చెక్కలోనే తొలిచి కీలు చేసినాడు. పగలంతా పనిచేసి రాత్రులు కూర్చొని చేసినాడు, ఏడాది పట్టింది.

మా దగ్గరకు తెచ్చి చూపితే పొంగిపోయినాము. అంతటితో ఊరుకొన్నామా? బడి ప్రదర్శనలో, తల్లిదండ్రులందరి నడుమ బల్లమీద పెట్టించినాము. ఫోటోలు తీయించినాము. ఎట్లా విప్పవలెనో అడిగినవారందరికీ వానిచేతనే చెప్పించినాము. శాలువా కూడా కప్పినాము. ఒక వర్తకుడు వచ్చి మెచ్చుకొని రెండు నమూనాలు కొనుక్కుపోయినాడు. రంజాన్ వచ్చేసరికి అదే వస్తువు, పలుచని ప్లైవుడ్డుతో చేసినది, తక్కువ ధరకు దుకాణాల్లోకి వచ్చింది.

పిల్లవాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఒకటి కొనుక్కొచ్చి మా బల్లమీద పెట్టి, "సర్, వాళ్ళు కీలు సరిగా చేయలేదు" అన్నాడు. అంతే.

వాణ్ణి వెంటబెట్టుకొని తెలిసిన వకీలు గారి దగ్గరకు పోయినాము. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "దరఖాస్తు ముందా, ప్రదర్శన ముందా?" అని. దరఖాస్తు సంగతే మాకు తెలియదని చెప్పినాము. ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టినారు.

ఆనాడు ఆయన చెప్పినదీ, తరువాత మేము చదివి తెలుసుకొన్నదీ మీకు మనవి చేస్తాము. వస్తువులో కంటికి కనిపించే కొత్త రూపమును 2000 సంవత్సరపు డిజైన్ల చట్టము కాపాడుతుంది. పదేళ్ళ హక్కు, తరువాత ఇంకో ఐదేళ్ళు పొడిగించుకోవచ్చు. లోపల పనిచేసే కీలకము కొత్తదైతే అది 1970 నాటి పేటెంట్ల చట్టము కిందకు వస్తుంది. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి ఇరవై ఏళ్ళు. మన పిల్లవాని పీటలో రెండూ ఉన్నాయి: రూపము డిజైను, కీలు పేటెంటు అడగదగినది. కాని రెండు చట్టాలూ అడిగేది ఒకటే. దరఖాస్తుకు ముందు ఆ వస్తువు లోకానికి తెలిసి ఉండకూడదు. అచ్చులో గాని, వాడకంలో గాని, ఎక్కడైనా సరే. తెలిసిపోతే అది కొత్తది కాదు. కొత్తది కానిదానికి హక్కు లేదు. చేసినవాడే స్వయంగా తెలియజేసినా అంతే!

ప్రదర్శనలకు ఒక మినహాయింపు ఉన్నమాట నిజమే. అయితే అది ప్రభుత్వము గెజెట్టులో ప్రకటించిన ప్రదర్శనలకు. డిజైను విషయంలో ముందుగా నోటీసు కూడా ఇవ్వవలె, ఆరు నెలల లోపల దరఖాస్తూ పెట్టవలె. మా బడి బల్లకు ఆ గౌరవం ఎక్కడిది?

పని పూర్తికాకపోతే ఏం చేయవలె అని మీరు అడగవచ్చు. పేటెంటుకైతే తాత్కాలిక దరఖాస్తు అనే సదుపాయం ఉన్నది. ఆలోచన రూపు కట్టిన దశలోనే దానిని వేసి తేదీ దక్కించుకొని, పన్నెండు నెలల లోపల పూర్తి వివరము ఇవ్వవచ్చు. ఖర్చుకు భయపడతారు మనవాళ్ళు. వకీలు ఫీజు మాట వేరు గాని, సామాన్య మనిషి కంప్యూటరు మీద పెట్టుకొంటే పేటెంటు దరఖాస్తుకు ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు, డిజైనుకు 1,000. పరీక్షకు, కొనసాగింపుకు తరువాత వేరే రుసుములున్నాయి, అవీ లెక్కలో ఉంచుకోవలె. మేము వానికి కప్పిన శాలువా, పూలదండ, చాయ్ బిస్కెట్ల ఖర్చు ఆ వెయ్యికి తక్కువేమీ కాలేదు.

పేరు సంగతి వేరు. మనము రోజూ వి.ఎస్.టి. చౌరస్తా మీదుగా పోతాము. ఆ అక్షరాల్లో మొదటి రెండు వజీర్ సుల్తాన్ అనే మనిషి పేరు, మూడోది పొగాకు. ఆ సరుకును మేము మెచ్చుకోము, పిల్లలెవరూ దాని జోలికి పోవద్దు. కాని పెట్టె మీద చార్మినార్ బొమ్మ వేసి అమ్మినారు చూడండి, అదే గుర్తు అంటే. వస్తువు పాతబడినా రిజిస్టరు చేసిన గుర్తు పాతబడదు. పదేళ్ళకొకసారి పునరుద్ధరించుకొంటూ పోతే ఎన్నాళ్ళయినా ఉంటుంది. మన కార్ఖానాల్లో మంచి సరుకు చేసి పేరు లేకుండా టోకు వర్తకునికి ఇచ్చేవారు దీనిని ఆలోచించవలె.

ఇంకొక హక్కు ఉన్నది, ఒక్కని సొత్తు కానిది. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024 మార్చిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది క్రెసెంట్ హస్తకళల కార్మికుల సంక్షేమ సంఘము. మనవంటి సంఘమే, గమనించండి. అంతకుముందు 2010లో హైదరాబాద్ హలీమ్‌కు వచ్చింది. హలీమ్ తయారీదారులు ఏ మాంసము, ఏ దేగ్, ఎన్ని గంటల మంట అని కాగితము మీద పెట్టినారు. మన పెద్దలు నోటితో చెప్పి చేతితో నేర్పి పోయినారు. కచ్చేరీకి కాగితము కావలె. అయితే గాజులకు గుర్తింపు వచ్చింది గదా అని కొత్త నమూనా చేసిన చెల్లెలు నిశ్చింతగా ఉండరాదు. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. ఆమె కల్పించిన కొత్త పనితనము ఆమెదని చెప్పదు. దానికి డిజైను దరఖాస్తు ఆమే పెట్టుకోవలె.

చదువు లేనివాళ్ళము, మాకెక్కడ సాధ్యం అంటారేమో. ఆలేరు దగ్గరి శారాజీపేట చేనేత బిడ్డ చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానినవాడు. పోచంపల్లి తీరు చీర ఒకటి నేయాలంటే ముందు ఆసు పోయవలె; దానికి తల్లి చేయి దాదాపు తొమ్మిది వేల సార్లు ఇటూ అటూ తిరగవలె. ఆ భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రము పని మొదలుపెట్టినాడు. హైదరాబాదులో పనిచేసుకొంటూ ఒక్కొక్క భాగమే కూర్చినాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. యంత్రానికి తల్లి పేరే, లక్ష్మీ ఆసు యంత్రము. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ. ఇటువంటివారికి మన నగరములోని పల్లె సృజన, గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ తోడు నిలుస్తున్నాయి. మన పిల్లలు వారి తలుపు తట్టినట్టు మేము వినలేదు.

ఇక నమ్మకము సంగతి. నమూనా ఎవరికీ చూపకుండా వ్యాపారము సాగదు, నిజమే. చట్టము కూడా దానికి దారి విడిచింది: నమ్మి చూపించినది, చూసినవాడు బయటపెట్టడం నమ్మకద్రోహమయ్యే పరిస్థితిలో చూపితే, డిజైను పాడు కాదు. అమానత్ అంటే మనకు వేరే చెప్పనక్కరలేదు. కాని కోర్టుకు చెప్పవలె గదా! కనుక చూపే ముందు, ఫలానా వస్తువును గోప్యముగా చూసినాము, అనుమతి లేక చేయము, చూపము అని వ్రాయించి తేదీతో సంతకము పుచ్చుకోండి. సంతకానికి వెనుకాడే మనిషికి నమూనా చూపకండి. జీతానికి పనిచేసే కుర్రవాళ్ళు ఇంకొకటి చూడవలె: డబ్బు తీసుకొని మరొకరి కోసం చేసిన డిజైనుకు హక్కుదారు ఆ మరొకరే. చేరేటప్పుడు పెట్టే కాగితాలు చదవకుండా సంతకము చేయకండి.

మొన్న ఆదివారము అసర్ నమాజు తరువాత ఆ పిల్లవాడు మా ఇంటికి వచ్చినాడు. ఇప్పుడు పిల్లవాడు కాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. చేతిలో పాత దుప్పటి చుట్టిన మూట ఒకటి. "సర్, కొత్తది ఒకటి చేసిన, చూడండి" అని ముడి విప్పబోయినాడు. వాని చేయి పట్టుకొని ఆపినాము. దరఖాస్తు పెట్టినావా అని అడిగినాము. ఇంకా లేదన్నాడు. చాయ్ తాగించి, ఆ మూట అట్లాగే పంపించినాము.